పడవకి తలుపుండదు

ఇప్పుడు సగం ఊరు చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని ఆటలోనే బతుకుతోంది. ఆ ఆటలో నేను ఒక రేవును తగలబెట్టిన గజదొంగని. నాలుగు నెలలుగా మంచివాడిగా మారే దారి పట్టాను. కాలిన ఇళ్ళకు తాటాకు మోశాను, పూడిన బావులు తవ్వాను. రేవులో అందరూ క్షమించారు, పడవవాడు తప్ప.

ఆ పడవవాడు మా అన్న కోటిలింగం. వదినే చెప్పింది. మిర్చి యార్డులో ఆయన పేరు మీద రంగు పోయిన నాసిరకం తాలుకాయలు అమ్మి నేను ఆయన పరువు తీసి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి మాటల్లేవు. దొంగ ముసుగులో ఉన్నది నేనని ఆయనకు తెలియదు.

“ఆటో ఎక్కితే మీ అన్న ఇల్లు పావుగంట. ఈ వేషం దేనికయ్యా?” అంది నా భార్య ఆదెమ్మ.

“ఇంటికెళితే మొహమ్మీద తలుపేస్తాడే. పడవకి తలుపుండదు.”

ఆ సాయంత్రం మళ్ళీ పడవ దగ్గర నిలబడ్డాను.

“మళ్ళీ వచ్చావా దొంగోడా? పోయిందంతా తాటాకే అనుకున్నావా, తెచ్చి కప్పెయ్యడానికి?” అన్నాడు.

కండువా తీసి చేతి మీద కప్పుకుని ముందుకు చాచాను. పశువుల సంతలో గుడ్డ కింద వేళ్ళతో బేరమాడటం చిన్నప్పుడు నాకు అన్నే నేర్పాడు. నా దగ్గరున్నదంతా ఇస్తానని ఐదు వేళ్ళూ పెట్టాను.

కండువా కింద ఆయన చెయ్యి తగిలింది. నా వేళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసింది.

“ఒరేయ్...” అన్నాడు.

తర్వాత నా చిటికెన వేలు రెండుసార్లు నొక్కాడు. మా బేరంలో దానర్థం, ఈ ధరకి కుదరదు, లేచి మాత్రం వెళ్ళిపోకు.