కింది అర

"ఇది ఇల్లా, గుడారాల దుకాణమా?" అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

హాలు నిండా ఆరేసిన సామానే. రెండు చెట్లకి కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాల, దాని పట్టీలు, వాన ఆపే టార్పాలిన్, ఈకల రజాయి. నిన్ననే కోడలితోపాటు అడవి క్యాంపు నుంచి తిరిగొచ్చాయి.

"తడిగా చుట్టిపెడితే బూజు పడుతుందత్తయ్యా. ఆరగానే తీసేస్తా."

"తీసి ఎక్కడ పెడతావ్, నా నెత్తినా? ఐదింటికి సోదా చేస్తా. ఒక్క పట్టీ కంటబడినా మొత్తం పాతసామాన్లవాడికే!"

"కనబడకపోతే?"

"నా బీరువాలో కింది అర నీకే. శాశ్వతంగా."

మొగుడు చేతిలోని పేపరుని ముఖానికి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు. అడకత్తెరలో పోకచెక్కకి అభిప్రాయాలుండవు.

కోడలికి గుబులుగానే ఉంది. అత్తగారు ముప్పై ఏళ్లు హాస్టల్ వార్డెనుగా ఆడపిల్లల ట్రంకుపెట్టెలు సోదా చేసిన మనిషి. ఆ ఉయ్యాల కొనడానికి ఏడాదిపాటు జీతంలో మిగుల్చుకుంది తను. పోగొట్టుకునే ప్రశ్నే లేదు. నడుం బిగించింది.

అన్నీ ఆరగానే ఉయ్యాలని పిడికిళ్లతో కుక్కి ఖాళీ పాలపొడి డబ్బాలో పెట్టింది. పట్టీలు మడతగొడుగు లోపలికి పోయాయి. టార్పాలిన్‌ని కిటికీ తెర వెనుక అస్తరులా పిన్నులతో బిగించింది. రజాయిని మాత్రం కుక్కకూడదు, లోపలి ఈకలు అణిగిపోతే ఇక వెచ్చదనం సున్నా. అందుకని పెద్ద గలీబులో వదులుగా నింపి, మూతి కుట్టేసి, ఏకంగా అత్తగారి పడక్కుర్చీలోనే దిండుగా పెట్టింది. మూడున్నరకల్లా హాలు అద్దంలా తయారైంది. అప్పుడు తాపీగా పాలకి వెళ్లొచ్చింది.

సరిగ్గా ఐదింటికి అత్తగారు కళ్లజోడు తుడుచుకుని లేచింది. పరుపులెత్తింది. మంచాల కింద టార్చి వేసింది. వంటింట్లో పాలపొడి డబ్బా చేతిలోకి తీసుకుంది.

కోడలు గబగబా వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఇందులో ఏముంది?"

"ప... పాలపొడే అత్తయ్యా."

అత్తగారు డబ్బాని చెవి దగ్గర ఆడించి, మళ్లీ అక్కడే పెట్టేసింది. ఇల్లంతా జల్లెడ పట్టి, రొప్పుతూ వచ్చి పడక్కుర్చీలో కూలబడింది. దిండు మెత్తగా నలిగింది.

"ఓడిపోయానే. ముప్పై ఏళ్లలో మొదటిసారి."

"గెలిచా!" కోడలు చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. మొగుడి చేతిలో పేపరు లాగేసి గాల్లోకి విసిరింది. ముప్పై ఏళ్ల వార్డెన్ని మట్టి కరిపించింది మరి! ఆనందం పట్టలేక అత్తగారిని కూడా గట్టిగా వాటేసుకుంది.

అత్తగారు బొడ్లోంచి బీరువా తాళం తీసి కోడలి చేతిలో పెట్టింది.

"వెళ్లి సర్దుకో. ఆ దిండు మాత్రం కత్తెరతో జాగ్రత్తగా విప్పు. నీ కుట్టు వదులుగా ఉందని, నువ్వు పాలకెళ్లినప్పుడు ఊడదీసి నేనే గట్టిగా వేశాను."