పెట్టుబడికి ముందు కోత

“ఇనెస్‌ని కూడానా?” వెండెల్ కుర్చీలో ముందుకు జరిగాడు.

“ముందు ఆవిడనే తీసెయ్యండి,” అంది పెట్టుబడులు పెట్టే కొరీన్, పెరట్లో కలుపు పీకమన్నంత తేలిగ్గా. “మీ కంపెనీలో అందరికంటే ఎక్కువ జీతం ఎవరిది?”

“ఆమెదే. కానీ కూరగాయలు మోసే ఏ శీతల లారీ ఎప్పుడు మొరాయిస్తుందో ముందే చెప్పే ప్రోగ్రాం రాసింది కూడా ఆమే. అది చూసే కదా మీరు మమ్మల్ని పిలిచారు?”

“రాయడం అయిపోయింది కదండీ! ఇల్లు కట్టాక మేస్త్రీని ఇంట్లో పెట్టుకుంటామా? ఖర్చు సగానికి దించి రండి, మాట్లాడుకుందాం.”

పెట్టుబడిదారులంతా కొలువుండే శాండ్‌హిల్ రోడ్డు ఆఫీసుల్లో ‘కాదు’ అనే మాట వినపడదు. వదిలించుకునేది కూడా నవ్వుతూనే వదిలించుకుంటారు. ఏడాదిగా వెండెల్ ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగుతున్నాడు. ‘ఫలానాది చేసి రండి’ అని తేల్చి చెప్పిన మనిషి కొరీన్ ఒక్కతే. ఈ పెట్టుబడి రాకపోతే వచ్చే నెల జీతాలకు డబ్బుల్లేవు, కంపెనీకి తాళమే.

కారులో కూర్చుని కాసేపు ఏడ్చాడు. తర్వాత ఆఫీసుకెళ్లి ఇనెస్‌ను పిలిచాడు.

మొదటి ఏడాదంతా ఆమె జీతం లేకుండా పనిచేసింది. సాలినాస్ పొలాల నుంచి లెట్యూస్ ఆకులు మోసుకెళ్లే లారీల్లో డ్రైవర్ల పక్కన కూర్చుని, ఎడారి ఎండలో తిరిగి తిరిగి ఆ ప్రోగ్రాం రాసింది.

“నన్ను గెంటేస్తే డబ్బిస్తానందా మీ మహారాణి?”

“కొన్నాళ్లు ఓర్చుకో ఇనెస్. డబ్బు రాగానే మళ్లీ పిలుస్తా.”

“ఏడిశావ్‌లే. నువ్వు పిలవాలనుకున్నా వాళ్లు పిలవనివ్వరు. ఇంతకీ చేతిలో ఏం పెట్టి పంపిస్తున్నావ్?”

వెండెల్ దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. ఆ సంగతి ఫోన్లో చెప్పుకుంటే కొరీనే దారి చూపించింది.

“ఆ ప్రోగ్రాం వాడుకునే హక్కు ఆవిడకూ రాసిచ్చెయ్యండి. మీది మీకెలాగూ ఉంటుంది. ఖర్చు లేని పని, మీ మనసూ కుదుటపడుతుంది.”

ఎంత మంచి మనిషి అనుకున్నాడు వెండెల్. రాసిచ్చాడు. ఇనెస్ ఆ కాగితం తీసుకుని వెళ్లిపోయింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లనీ ఒక్కొక్కరినే పంపించేశాడు. మిగిలినవాళ్లు అతని మొహం చూడటం మానేశారు. మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని బరీటో తింటుంటే తనమీద తనకే అసహ్యం వేసింది.

ఖర్చు సగమైన రోజునే లెక్కలు పట్టుకుని కొరీన్ దగ్గరికి పరుగెత్తాడు.

ఆమె ఎదురొచ్చి చెయ్యి కలిపింది. “భేష్! చెప్పింది చెప్పినట్టు చేశారు.”

“అయితే మామీద నమ్మకం కుదిరినట్టేనా?”

“ఆ ప్రోగ్రాం మీద నాకు మొదటి రోజే నమ్మకం కుదిరింది. లారీలవాళ్లు ఎగబడి కొంటారు, చూడండి.”

వెండెల్ కళ్లు చెమర్చాయి. ఈ సాయంత్రమే ఇనెస్ కాళ్లు పట్టుకునైనా వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాడు.

“మరి డబ్బు ఎప్పుడు పెడతారు?”

కొరీన్ నవ్వు చెక్కుచెదరలేదు.

“పోయిన వారమే పెట్టేశామండీ, ఇనెస్ కొత్త కంపెనీలో.”