ఎర్ర గీతల కాగితం

"ఇది మందా, విషమా? ముందు ఆ సంగతి తేల్చండి" అంటూ అక్క ఒక మడతల కాగితాన్ని కుక్కల డాక్టరు బల్ల మీద పరిచింది.

మందు డబ్బాలో పెట్టి ఇచ్చే కాగితం అది. చీమ తలకాయంత అక్షరాలు, వాటి కింద వరసగా ఎర్ర గీతలు. అక్క అచ్చాఫీసులో ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. ఏ కాగితం కనిపించినా ముందు అందులో తప్పేముందో వెతకడం ఆమెకు అలవాటైపోయింది. మనుషుల విషయంలోనూ అంతే.

పక్కన ఎత్తు బల్ల మీద బొగ్గు పడుకుని ఉంది. నిగనిగలాడే నలుపు కాబట్టి కుక్కకు ఆ పేరు పెట్టారు. ఇప్పుడా నిగనిగ లేదు. నాలుగు మెట్లెక్కితే దగ్గు, తిండి ముందు పెడితే మొహం తిప్పుకోవడం. చెల్లెలు దాని చెవి నిమురుతూ నిలబడింది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది, చీర కొంగుకు ఇంకా దారం ముక్కలు అంటుకునే ఉన్నాయి. వచ్చినప్పటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేసినవాళ్ళకు నోరెలా వస్తుందని అక్క మనసులో అనుకుంది.

గొడవంతా నెలకొక బిళ్ళ గురించి. ఒంటి మీద పురుగులు పట్టకుండా, దోమకాటుతో గుండెలోకి పురుగు చేరకుండా రెండింటికీ అదే మందు. వెయ్యకపోతే కుక్క దక్కదని చెల్లెలు, వేస్తేనే దక్కదని అక్క మూడేళ్ళుగా కొట్టుకు చస్తున్నారు. ఓడిపోయానని ఒప్పుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పొయ్యి మీద పాలు మాడ్చింది ఎవరన్నది పదేళ్ళయినా తేలలేదు.

కిందటేడు ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క భూతద్దం పెట్టి మరీ ఈ కాగితం చదివి వినిపించింది. వాంతులు, వణుకు, ఫిట్స్ అంటూ ఒక్కొక్కటీ ఒత్తి పలికింది. చెల్లెలు సగం అన్నంలో లేచి కంచం తొట్టిలో పడేసింది. నీకు చదవడమే వచ్చు, కుక్కను చూసుకోవడం రాదంది. ఆ తర్వాత నుంచి ఒకటో తారీఖు వస్తే బొగ్గును వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసుకునేది. బయటికొచ్చి, వేశాను, ఏం చేసుకుంటావో చేసుకో అనేది.

ఒకప్పుడు బిళ్ళ వాసన తగిలితే మంచం కింద దూరే కుక్క, ఏడాదిగా ఒకటో తారీఖున తోకాడించుకుంటూ ఆమె వెనకే పరిగెత్తేది. మూతి నాక్కుంటూ తిరిగొచ్చేది. మందుకు మరిగిపోయిందని అక్క అప్పుడే కనిపెట్టింది.

ఎన్ని మాటలన్నా అక్క ఆ డబ్బాను మాత్రం ఎప్పుడూ దాచలేదు. చెల్లెలు ఎలాగూ వేస్తుందని ఆమెకు తెలుసు. కుక్కకు ఏమీ కాకపోతే సంతోషం, అయితే తప్పు తనది కాదు. ఈ లెక్క పైకి చెప్పుకునేది కాదు గనక ఆమె ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు కాగితం వైపు చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "భయపడాల్సిందేమీ లేదని నేననను. ఫిట్స్ వచ్చే కుక్కలకు ఈ రకం మందు ఇచ్చేముందు ఆలోచిస్తాం. దీనికి ఎప్పుడైనా వచ్చాయా?"

రాలేదని అక్క ఒప్పుకోవలసి వచ్చింది.

"ఇన్ని గీతలు గీశారు కదా. ఇందులో దగ్గు ఎక్కడుందో చూపించండి."

అక్క వేలు పై నుంచి కిందికి నడిచింది. మళ్ళీ పైకి వెళ్ళింది. దగ్గు ఎక్కడా లేదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఆమె చేత ఇలా తెల్లమొహం వేయించలేదు. డాక్టరు కాగితాన్ని వెనక్కి తిప్పాడు. మందు ఎందుకు వాడాలో, వాడకపోతే ఏమవుతుందో ఆ వైపు ఉంది. అక్కడ ఒక్క ఎర్ర గీత కూడా లేదు.

అతను బొగ్గు ముందుకాలి నుంచి కాస్త నెత్తురు తీసి, ఒక చిన్న పరీక్ష పలక మీద రెండు చుక్కలు వేసి, పది నిమిషాలు ఆగమన్నాడు. ఆ పది నిమిషాలూ అక్క ఊరుకోలేదు. కుక్కకేమైనా అయితే ఒకే ఇంట్లో ఉండే ప్రసక్తే లేదని, కుట్టుమిషను తీసుకుని ఎక్కడికైనా పొమ్మని చెల్లెలికి చెప్పేసింది. చెల్లెలు బొగ్గు చెవి నిమురుతూనే ఉంది. అది చూసి అక్కకు ఇంకా మండింది.

డాక్టరు పలకను వెలుతురులో పెట్టి చూశాడు.

"గుండె పురుగు. లోపల చేరి ఆరు నెలలైనా అయ్యుంటుంది. వైద్యం ఉంది గానీ చాలా కాలం పడుతుంది, తట్టుకుంటుందని మాటివ్వలేను." పలక పక్కన పెట్టి అడిగాడు. "బిళ్ళ ఎప్పుడు మానేశారు?"

"మానెయ్యడమేంటండీ?" అక్క గొంతు లేచింది. "నెల తప్పకుండా వేసింది. నేను సాక్ష్యం. తలుపేసుకుని మరీ మింగించేది."

"నెలనెలా వేస్తే ఇంతదాకా రావడం చాలా అరుదమ్మా."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "చెప్పవే. నోరు కుట్టేసుకున్నావా? ఆయనతో చెప్పు, ఒక్క నెలైనా మానావా?"

చెల్లెలు బొగ్గు చెవి మీంచి చెయ్యి తీసింది. మొదటిసారి అక్క కళ్ళలోకి చూసింది.

"నువ్వు చదివి వినిపించిన రోజే మానేశానక్కా."