బూడిదరంగు కింద

"ఆ పాప నేనే. ఇందులో వాదించడానికేం లేదు," అంది డార్లీన్, ఎక్స్‌రే ఫొటోని బంగాళాదుంపల గిన్నెకి ఆనించి నిలబెడుతూ.

"ఆ నుదురు చూడక్కా. అచ్చం నాదే," అన్నాడు తమ్ముడు కర్టిస్.

"పసిపిల్లలందరి నుదురూ అంతేరా. నీకిప్పుడు జుట్టూడి మళ్లీ అలాగే అయింది."

చర్చి నుంచి రాగానే మొదలైన గొడవ, భోజనాలు చల్లారిపోతున్నా తెగలేదు. తండ్రి హోలిస్ పోయిన పదేళ్లకి ఆయన బొమ్మలన్నీ ఒకచోట చేర్చి, శనివారం నుంచి మ్యూజియంలో ప్రదర్శన పెడుతున్నారు. గీతలూ రంగుల పలకలూ తప్ప మనిషి బొమ్మ వేసి ఎరగడాయన. అలాంటిది, అందరూ మెచ్చుకునే బూడిదరంగు కాన్వాస్‌కి ఎక్స్‌రే తీస్తే, అడుగున తల్లి లెనోరా కనిపించింది, ఒళ్లో పసిపాపతో. ఆ ఫొటో కూడా పక్కనే పెడతాం, పాప పేరు రాసి పంపండి అన్నారు మ్యూజియం వాళ్లు.

నాన్న తన బొమ్మ ఒక్కటీ వేయలేదన్న కొరత డార్లీన్‌కి చిన్నప్పటినుంచీ ఉంది. అరవయ్యేళ్లు దాటాక అది తీరబోతుంటే వదులుతుందా?

"బూడిదరంగు వేసింది అరవైమూడులో. నేను పుట్టిన ఏడే. నువ్వప్పటికి లేనేలేవు."

"సరే, నువ్వే. నచ్చని బొమ్మ మీదే కదా నాన్న కొత్తది వేసేది. నిన్ను ఒకసారి చూసుకుని, బూడిద పూసేశాడన్నమాట."

డార్లీన్ భర్త గ్లెన్ నవ్వు దాచుకోవడానికి నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"నువ్వే చెప్పమ్మా. నేనే కదూ?"

లెనోరా పీచ్ కేకు కోస్తోంది. అందరి పళ్లాల్లో ముక్కలు వేసింది.

"నచ్చక కాదు," అంది కర్టిస్‌తో. "కప్పేయమని నేనే అడిగాను. పొద్దున లేస్తే ఎదురుగా గోడమీద ఆ మొహం. చూడలేకపోయాను."

"నా మొహమా?" అంది డార్లీన్.

"ఆ బొమ్మ వేసేనాటికి నువ్వు పుట్టలేదే. మాకు పెళ్లే కాలేదు."

లెనోరా చేతులు తుడుచుకుని, తన కుర్చీలో నిటారుగా కూర్చుంది. మాటలో తడబాటు లేదు.

"పేరు నేను రాసి పంపేశాను. శనివారం పదింటికల్లా అందరం అక్కడుండాలి, మంచి బట్టలు వేసుకోండి. మీ పెద్దక్క కూడా వస్తోంది."