పరామర్శకు వెళ్లినవాళ్లం

పదకొండు మందిమి పిల్లవాణ్ణి చూడటానికి వెళితే, వాడి తల్లి, మా తమ్ముడి కోడలు, తలుపు బెత్తెడు తెరిచి చెయ్యి అడ్డం పెట్టింది.

"వాడికి పుట్టుకతోనే రోగాలను తట్టుకునే శక్తి లేదు పెదమామయ్యగారూ. రెండుసార్లు నిమోనియా వచ్చి బతికి బయటపడ్డాడు. ఇంకో తొమ్మిది రోజుల్లో ఎముక మజ్జ మార్పిడి. ఈలోపు మీలో ఎవరి జలుబు అంటుకున్నా వాడు దక్కడు."

"మేమేమన్నా పరాయివాళ్లమా?" అంది మా ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.

మా బావ ఖళ్లున దగ్గి, అది జలుబు కాదు, అలవాటన్నాడు. ఆ దగ్గుకు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది, ఈ చిన్న కథలో పట్టదు. మట్టిలో పొర్లిస్తే పిల్లలు రాళ్లలా తయారవుతారని నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. నా వైద్యమంతా పొట్లాం కాగితాల మీద చదువుకున్నదే.

అరగంటైనా ఎవరం కదల్లేదు. మెట్ల మీద చతికిలబడ్డాం.

చివరికి ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మీ దగ్గర దాచడమెందుకు పెదమామయ్యగారూ, వాడిది అంటురోగం. పెద్దవాళ్లకు గాలి సోకినా చాలట. చూస్తానంటే లోపలికి రండి," అని పక్కకు తప్పుకుంది.

నిమిషంలో మెట్లు ఖాళీ.

మజ్జ మార్పిడి సవ్యంగా జరిగింది, పిల్లవాడు కోలుకున్నాడు. అంటురోగం మాట కల్పితమని తెలిశాక బంధువులంతా ఆ పిల్లను అబద్ధాలకోరు అన్నారు. నేనూ అన్నాను. వీధి మలుపు దాకా అందరికంటే ముందు పరుగెత్తినవాణ్ణి కనుక, కాస్త గట్టిగానే అనవలసి వచ్చింది.