ఇంటివాళ్ళ అంకె

“ఈ పళ్ళెం కేసినోలో తిప్పే జూదం చక్రం అనుకో. ఇందులో ఉన్నవన్నీ గళ్ళు,” అన్నాడు ఫెర్నాన్.

పళ్ళెంలో ఉన్నవి ఆకుకూర కూరి నూనెలో వేయించిన బార్బజువాన్లు. అవి మొనాకో బజారులో దెవోత్ దుకాణం తప్ప ఇంకెక్కడా అంత కరకరలాడవని ఊళ్ళో మాట. దుకాణం ఆమె తాత పెట్టింది. పొద్దున్నే నూనె మరిగితే మధ్యాహ్నానికల్లా పళ్ళేలు ఖాళీ అవుతాయి. ఆ వేళకు ఆమె మొగుడు ఫెర్నాన్ తీరిగ్గా నిద్రలేచి, వచ్చి నాలుగు తిని, కోటు తొడుక్కుని కేసినోకు బయలుదేరుతాడు. పదకొండేళ్ళుగా అదే అతని ఉద్యోగం. జీతం మాత్రం దెవోత్ ఇస్తుంది.

“మొత్తం ముప్పై ఏడు గళ్ళు. ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా సగం ఎరుపు, సగం నలుపు. ముప్పై ఏడోది సున్నా. ఒక్క అంకె మీద కాస్తే, అది పడితే ముప్పై ఐదింతలు ఇచ్చి నీ పందెం కూడా తిరిగిస్తారు. రంగు మీద కాస్తే పెట్టినంత వస్తుంది.”

దెవోత్ చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. “అన్ని గళ్ళ మీదా ఒక్కోటి పెట్టాననుకో. ఏదో ఒకటి పడక తప్పదు. ముప్పై ఏడు పెట్టి ముప్పై ఆరు తెచ్చుకుంటాను. ఆ ఒకటి ఎవరు తిన్నట్టు?”

“చిల్లర కొట్టు లెక్కలు వేస్తే ఆట రాదు,” అన్నాడు ఫెర్నాన్, ఒకటి నోట్లో వేసుకుంటూ. “సున్నా కేసినో వాళ్ళది. ఇంటివాళ్ళ అంకె. నువ్వు రంగు మీద కాసినప్పుడు సున్నా పడిందనుకో, నీ పందేన్ని జైల్లో పెడతారు. తర్వాతి తిప్పులో నీ రంగు వస్తేనే విడుదల.”

“జైలుకెళ్ళొచ్చినందుకు పైన ఏమీ ఇవ్వరా?”

“ఇవ్వరు. బయటపడ్డందుకు సంతోషించాలి.”

ఫెర్నాన్ చంకలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. మూడో బల్ల మీద పడే ప్రతి అంకెనూ అందులో ఎక్కిస్తాడు. అలాంటివి నలభై ఆరు పుస్తకాలు పిండి బస్తాల పక్కన పేర్చి ఉన్నాయి.

“ఆ చక్రం నాడి నాకు తెలుసు. ఎరుపు వరసగా ఏడుసార్లు పడితే ఎనిమిదోది నలుపే.”

“ఏడుసార్లు పడిన సంగతి చక్రానికి గుర్తుంటుందా?”

“నాకు గుర్తుంటుందిగా,” అని విసుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అసలు విషయానికి వచ్చాడు. “ఇన్నాళ్ళూ చిన్నచిన్న పందేలు కాసి చెడ్డాను. పెద్ద మొత్తం చేతిలో ఉంటే ఒక్క వారంలో తేల్చేస్తాను. దుకాణం అమ్మేద్దాం దెవోత్.”

కాదంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రోజూ పోరుతాడు, అలుగుతాడు, చివరికి సాధిస్తాడు. పెళ్ళినాటి గొలుసు అలాగే పోయింది. రెండు రోజులు పిండి వత్తుతూ ఆలోచించింది. మూడోరోజు మొగుణ్ణి పిలిచింది.

“సరే, అమ్ముదాం. కానీ మా తాత దుకాణం డబ్బు పరాయి దేశం వాడి చేతిలో పెట్టలేను. ముందు నువ్వు మొనాకో వాడివి అవ్వు. పెళ్ళయి పదేళ్ళు దాటింది, అడిగితే ఇస్తారు. ఇంకోటి. ఆ డబ్బు ఈ ఊరి కేసినోలో తప్ప ఇంకెక్కడా ఆడకూడదు. తేడా వస్తే అమ్మకం రద్దు, దుకాణం నాదే. ఇవి నీ చేత్తో రాసివ్వు.”

ఫెర్నాన్ నవ్వాడు. “ఫ్రాన్సు వైపుకెళ్ళి మాంతోన్‌లోనో నీస్‌లోనో ఆడటానికి నాకేం ఖర్మ? అవన్నీ ముక్కూ మొహం తెలియని చక్రాలు.” అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. “మొనాకో వాణ్ణయితే కేసినో ద్వారం దగ్గర కాపలా ఉండే ఆ లుడోవిక్ కూడా వంగి దణ్ణం పెడతాడు. అయినా మీవాళ్ళొక్కరైనా బల్ల దగ్గర కనపడరేం? కేసినో పక్కన పుట్టి అంత పిరికితనమా? నువ్వూ అంతే. మెట్ల దాకా వచ్చి ఆగిపోతావు.”

“మావాళ్ళంతే,” అంది దెవోత్.

కాగితాలు వచ్చాయి. ఆమె వేలు పెట్టిన చోటల్లా అతను సంతకం గీకాడు. అంకెల పుస్తకం తప్ప మరో కాగితం చదివిన పాపాన పోని మనిషి. ఫ్రాన్సు పౌరసత్వం వదులుకునే కాగితం మీద సంతకం చేస్తూ తేదీ మాత్రం చూశాడు. పదిహేడు. నలుపు. మంచి శకునమేనని మురిశాడు.

మరుసటి ఎండాకాలానికి కొత్త గుర్తింపు కార్డు చేతికొచ్చింది.

“రేపు పదింటికి నోటరీ దగ్గర సంతకం పెడతాను,” అంది దెవోత్, అతని టై సరిచేస్తూ. “ఇవాళ జేబులో ఉన్నదానితో ఆడిరా. ఈ వేడి బార్బజువాన్లు లుడోవిక్‌కు ఇవ్వు. పాపం, ఇన్నేళ్ళుగా నిన్ను లోపలికి పంపుతున్నాడు.”

మెట్ల దాకా తోడు వచ్చింది. అలవాటు ప్రకారం అక్కడే ఆగిపోయింది. మొనాకో వాడైన దర్జాతో ఫెర్నాన్ ఒక్కో మెట్టూ ఎక్కి, పొట్లం లుడోవిక్ చేతిలో పెట్టి, అడగకుండానే కార్డు తీసి చూపించాడు.

లుడోవిక్ కార్డును అటూ ఇటూ తిప్పి చదివాడు. టోపీ తీశాడు. వంగి నమస్కరించి, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

“చాలా సంతోషం, మస్యే. ఇక మీరూ మా ఇంటివాళ్ళే.”

“అదీ మర్యాదంటే,” అన్నాడు ఫెర్నాన్. “ఇక ఆ తాడు తియ్యి. మూడో బల్ల నాకోసం ఎదురుచూస్తోంది.”

లుడోవిక్ ఎర్రతాడును ఇంకాస్త బిగించి కొక్కేనికి తగిలించాడు.

“మొనాకో పౌరుల్ని లోపలికి పంపకూడదని చట్టం, మస్యే.”