గులాబీ ఏప్రన్

"పడవలన్నీ గొడ్ల వాగు వైపు పోతుంటే మనమొక్కళ్ళమే ఇటెందుకు పోతున్నాం?" అని అడిగింది ఆర్డిస్.

"వాళ్ళని అటు పంపింది నేనే కాబట్టి," అన్నాడు ఆమె మొగుడు వెర్లిన్, స్టీరింగ్ తిప్పుతూ. "పొద్దున కాఫీ తాగుతూ మన క్లబ్బు డెల్మర్ చెవిలో ఊదాను. గొడ్ల వాగులో ఊదారంగు ఎరకి వాలై చేపలు ఎగబడుతున్నాయని. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నా."

"అంటే కాఫీ చల్లారేలోగా అందరికీ తెలిసిపోయిందన్నమాట."

"అందుకేగా ఒట్టు వేయించుకుంది!"

సకకవియా జలాశయంలో వాలై చేపలు పట్టే మేమంతా మిగతా విషయాల్లో మంచివాళ్ళమే. పక్కవాడి ట్రాక్టర్ మంచులో దిగబడితే పిలవకుండానే వెళ్ళి లాగుతాం. చేప ఎక్కడ పడిందని అడిగితే మాత్రం కన్నతండ్రికైనా అబద్ధమే చెబుతాం.

ఆ రోజు మా క్లబ్బు పోటీ మొదలైంది. రెండు రోజుల పోటీ. ఏ రోజుకారోజు అందరికంటే తక్కువ పట్టినవాడు కుచ్చుల గులాబీ ఏప్రన్ కట్టుకుని, రేవు దగ్గర అందరి ముందూ అందరి చేపలూ కోసి శుభ్రం చేయాలి. కిందటేడు రెండు రోజులూ వెర్లినే కట్టుకున్నాడు. అంతకుముందు ఏడూ అతనే. అతని పొట్ట చుట్టూ అందడానికి ఏప్రన్ నాడాలు పొడిగించి కుట్టించాం కూడా. ఈసారి ఎలాగైనా దాన్ని ఇంకొకడి నడుముకు చూడాలని వెర్లిన్ పంతం.

ఎప్పుడో నీళ్ళలో మునిగిపోయిన పాత వంతెన మీదికి రాగానే అతను ఇంజన్ వేగం తగ్గించాడు. ఆ చోటు తనకొక్కడికే తెలుసని అతని నమ్మకం. పడవ నత్తనడక నడుస్తుంటే వెనకాల రెండు గాలాలు నీళ్ళలో ఈదుకుంటూ వస్తున్నాయి. వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి. ఆర్డిస్ పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు నీళ్ళలోకి ఉమ్ముతూ కూర్చుంది. ఆ పొట్టు తప్ప సరస్సులో ఏదీ కదల్లేదు.

రేడియో గరగరలాడింది. "ఒరే వెర్లిన్! ఎక్కడున్నావురా? గొడ్ల వాగుకి వచ్చెయ్! నువ్వు చెప్పినట్టే, గాలం దించడమే ఆలస్యం!" డెల్మర్ గొంతు.

వెర్లిన్ పడీపడీ నవ్వాడు. "విన్నావా? ఒక్కటీ పడక ఉడుక్కుంటున్నాడు. నన్ను కూడా అక్కడికి లాగి కక్ష తీర్చుకుందామని."

"నిజంగానే పడుతున్నాయేమో!"

"పిచ్చిమొహమా, చేపలు పడుతున్నవాడు ఎవడైనా రేడియోలో చెబుతాడా? ఏమీ లేవు, ఇంటికి పోతున్నాం అంటాడు."

"నిజంగా ఏమీ పడనివాడు ఏమంటాడు?"

"వాడూ అదే అంటాడు."

"మరి తేడా ఎలా తెలుస్తుంది?"

"అనుభవం ఉండాలి," అన్నాడు వెర్లిన్. డెల్మర్ మళ్ళీ మళ్ళీ పిలుస్తుంటే విసుగొచ్చి రేడియో కట్టేశాడు.

సాయంత్రం రేవులో చూస్తే అందరి పెట్టెలూ నిండి ఉన్నాయి. వెర్లిన్ పెట్టెలో బక్కచిక్కిన చేప ఒక్కటుంది. అదీ ఆర్డిస్ ఆవులిస్తున్నప్పుడు ఆమె గాలానికి పడింది. డెల్మర్ పరిగెత్తుకొచ్చి అతన్ని వాటేసుకున్నాడు.

"ఇన్నేళ్ళకి ఈ సరస్సు మీద ఒక్క మగాడు నిజం చెప్పాడురా!" అని అరిచాడు. అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టి ఏప్రన్ కట్టాం.

మోచేతుల దాకా పొలుసులు అంటించుకుని చేపలు కోస్తూ వెర్లిన్ తనలో తనే నవ్వుకున్నాడు. "కనీసం అబద్ధమైనా సరిగ్గా చెప్పడం చేతకాని వెధవని," అన్నాడు పెళ్ళాంతో మెల్లగా. నవ్వుతోపాటు అతనికి ఏడుపు కూడా వచ్చేలా ఉంది.

డెల్మర్ దగ్గరికొచ్చి ఆరా తీశాడు. "ఇంతకీ నువ్వు ఎక్కడికి పోయావురా?"

వెర్లిన్‌కి ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు. "పాత వంతెన దగ్గరికి. అక్కడ చేపల్లేవు. రోజంతా గాలాలు లాగి చూశాను. అటు పోకండి."

"అస్సల్లేవా?"

"అస్సల్లేవు."

డెల్మర్ తన బావమరిది వైపు చూశాడు. బావమరిది ఇంకొకరి వైపు చూశాడు. "అయ్యో పాపం," అంటూ అందరం తొందర తొందరగా ఇళ్ళకు పోయాం.

తెల్లారాక వెర్లిన్, ఆర్డిస్ పడవెక్కారు. ఆ రోజు ఓడిపోయేవాడికి ఇవ్వడానికి ఆర్డిస్ ఏప్రన్ ఉతికి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చింది. సరస్సు నడుమకు వచ్చి చూస్తే గొడ్ల వాగులో ఒక్క పడవ లేదు. క్లబ్బు పడవలన్నీ, నాదీ కలుపుకుని, పాత వంతెన మీద గాలాలు చిక్కుపడేలా తిరుగుతున్నాయి.

"నీ పంట పండింది!" అంది ఆర్డిస్ సంబరంగా. "నువ్వు నిజం చెబితే వీళ్ళు నమ్మలేదు. వాగంతా మనదే, పోనియ్!"

వెర్లిన్ వాగు వైపు చూశాడు. వంతెన వైపు చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఇంతమంది ఊరికే పోరు కదా ఆర్డిస్," అంటూ పడవను వంతెన వైపు తిప్పాడు.

ఆర్డిస్ సంచిలోంచి ఏప్రన్ తీసి అప్పుడే అతని నడుముకు కట్టేసింది.